ఓడ ఫోటో తప్పేశారు, సవరణ వేయించా - నా అనుభవం (తిరుపతి)

మొత్తానికి ఈరోజు పేపర్లో సవరణ పడింది. లోపలి పేజీలో, పేరు మార్పు ప్రకటనల పక్కన, చిన్న అక్షరాల్లో. అయినా పడింది. మనసు కాస్త తేలికైంది కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా, ఇట్లాంటి పని మీద తిరిగేవాళ్ళకి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు, నాకూ ఎవరూ చెప్పలేదు.

నేను నేవీలో షిప్‌రైట్ ట్రేడ్‌లో, అంటే ఓడల చెక్కపనిలో, పనిచేసి రిటైరయ్యా, ఎక్కువ భాగం విశాఖలోనే. ఓడ ఒడ్డున కనపడితే అది దేనితో కట్టిందో, ఏ పనికి కట్టిందో చెప్పగలను, అది నేను చదువుకున్న చదువు. అందుకే సంక్రాంతి రోజుల్లో మా జిల్లా పేజీలో ఆ వార్త చూసినప్పుడు తిన్నది సహించలేదు.

అసలు జరిగింది ఎంత గొప్ప విషయమో ముందు చెప్పనీయండి. మన నేవీ ఓడ ఐఎన్ఎస్‌వీ కౌండిన్య 2025 డిసెంబర్ 29న పోర్‌బందర్‌లో బయల్దేరి 2026 జనవరి 14న ఒమన్‌లోని మస్కట్ చేరింది. ఇంజిన్ లేదు, గాలే ఆధారం. పలకల్ని మేకులతో కొట్టలేదు, పలకకీ పలకకీ బెజ్జాలు వేసి కొబ్బరి పీచు తాడుతో కుట్టి, చెట్ల జిగురుతో సందులు మూశారు. వెనక ఇప్పటి ఓడలకుండే చుక్కాని లేదు, పెద్ద తెడ్లతోనే దారి మళ్ళించాలి. అజంతా గుహల్లో 5వ శతాబ్దపు ఓడ బొమ్మ ఒకటుంది, ప్లాను లేదు, కొలతలు లేవు, గోడ మీద ఆ బొమ్మ ఒక్కటే, దాన్ని చూసి గోవాలో ఒక బోట్ కంపెనీ కట్టింది. కుట్టుపని కేరళ నుంచి వచ్చిన బాబు శంకరన్ గారి బృందం చేసింది. నీళ్ళలో ఎట్లా నడుస్తుందో మోడల్ పెట్టి మన పక్కనే చెన్నైలో ఐఐటీ మద్రాసు వాళ్ళు టెస్టు చేశారు. 2025 మే 21న కార్వార్‌లో నేవీలో చేర్చుకున్నారు. ఒక చెక్క పని చేసినవాడిగా చెప్తున్నా, ఆ ఓడని అరేబియా సముద్రం దాటించడం మామూలు సంగతి కాదు.

మరి మా పేపర్ ఏం వేసిందంటే, పైన హెడ్డింగు 1500 ఏళ్ళ నాటి చోళుల ఓడ మస్కట్ చేరిందని, కింద ఫోటో ఐఎన్ఎస్ తరంగిణిది. తరంగిణి! 1997లో నేవీలో చేరిన ఇనుప ఓడ, డీజిల్ ఇంజిన్లు కూడా ఉన్నాయి, కుర్ర క్యాడెట్లకి తెరచాప పని నేర్పించడానికి కట్టింది, 2003-04లో ప్రపంచం చుట్టొచ్చింది. దాని గొప్ప దానిది, నేను కాదనను. కానీ మూడు మాస్ట్‌లు (తెరచాపలు కట్టే స్తంభాలు), ముందు కొసన ముక్కోణపు తెరచాపలు, అంచు పొడుగునా ఇనుప రెయిలింగు ఫోటోలో కనపడతా ఉంటే దాన్ని అజంతా ఓడ అంటారా? చోళుల మాట అయితే ఇంకా ఘోరం, రాజేంద్ర చోళుడు ఆగ్నేయాసియాలోని శ్రీవిజయ రాజ్యం మీదికి ఓడలు పంపింది 1025 ప్రాంతంలో, అజంతా బొమ్మకీ దానికీ ఐదొందల ఏళ్ళ తేడా. ఓడకి 1500 ఏళ్ళూ లేవు, దానికి కీల్ (అడుగు దూలం) వేసిందే 2023లో. ఇంకో ముక్క, కౌండిన్య పేరు మన పలమనేరు కౌండిన్య నది మీదుగా పెట్టారని కూడా రాశారు. ఆ పేరు ఆగ్నేయాసియాకి సముద్రం మీద పోయినట్టు కథల్లో చెప్పే కౌండిన్యుడిది.

వేరే చోట ఇదే వార్తకి జ్యువెల్ ఆఫ్ మస్కట్ ఫోటో పెట్టినవాళ్ళూ ఉన్నారు. అది నేను క్షమిస్తా. అదీ కుట్టిన ఓడే, 1998లో ఇండోనేషియా బెలిటుంగ్ దగ్గర దొరికిన 9వ శతాబ్దపు ఓడ శిథిలాల్ని చూసి ఒమన్‌లో కట్టారు, 2010లో సింగపూర్ దాకా పోయింది. రెండూ కుట్టినవే కాబట్టి తెలియనివాడు పొరబడొచ్చు. ఇనుప ఓడ విషయంలో ఆ సాకు చెల్లదు.

మా ఇంట్లో మేడ మీద అద్దెకుండే పిల్లోడు గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాడు, ఆ క్లిప్పింగ్ కత్తిరించి నోట్సులో అతికించి కింద చోళుల ఓడ అని రాసుకున్నాడు. రేపు బిట్ వస్తే మార్కు పోయేది ఆ పిల్లోడికి, పేపరోళ్ళకి కాదు. అందుకే కదిలా.

రిపోర్టర్ నంబర్ దొరకడం సులువు, ఫోన్ ఎత్తాడు, మర్యాదగానే మాట్లాడాడు. "అన్నా, నేను మేటరే పంపినా, ఫోటో డెస్కోళ్ళు పెట్టుకున్నారు, ఆఫీసుకి పొండి" అన్నాడు. పోయా. ఇక్కడే జరిగింది అసలు కథ.

ఆఫీసు మేడ మీద. కింద విజిటర్స్ బుక్కులో పేరు, పని రాయమంటే ఓడ ఫోటో సవరణ అని రాశా. అక్కడున్న అబ్బాయి దాన్ని గట్టిగా చదివాడు, అందరికీ వినపడేట్టు. పైన బెంచీ మీద శ్రద్ధాంజలి ప్రకటన ఇవ్వడానికొచ్చిన ఒక ముసలాయన, ప్రెస్ నోట్ పట్టుకుని ఏదో యూనియన్ నాయకుడు, వాళ్ళ పక్కన నేను. నాయకుడొచ్చిన వెంటనే లోపలికి పిలిచారు, ముసలాయన్నీ నన్నూ బయటే ఉంచేశారు. చాలాసేపటికి డెస్క్ ఇన్‌ఛార్జ్ వచ్చాడు, వయసులో నా కొడుకంత ఉంటాడు. నేను రెండు ఓడల ఫోటోలూ రంగుల్లో ప్రింట్ తీయించి, ఏది ఏదో పక్కన రాసి పట్టుకుపోయా. తీసుకున్నాడు, చూడలేదు. "ఏం సార్, ఆ పడవ మీదా?" అన్నాడు. లోపల కంప్యూటర్ల దగ్గరున్నోళ్ళు నవ్వారు.

నాది కాదు, దేశానిది అన్నా. "మరి మీకేం నష్టం? పరువు పోయిందా, ఆస్తి పోయిందా? రెండూ ఓడలే కదా, నీళ్ళలో పోతాయి కదా" అని, ఏ పార్టీ తరఫున వచ్చారని అడిగాడు. నేవీలో చేశానని చెప్తే నమ్మలేదు, కార్డు అడిగాడు. ఇచ్చా. అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికివ్వకుండా టేబుల్ మీద పడేశాడు. ఇంతలో టీ వచ్చింది. గ్లాసు తీసుకుని నా ప్రింట్ మీద పెట్టాడు, సరిగ్గా కౌండిన్య తెరచాప మీద. మాట్లాడుతున్నంతసేపూ అట్లే ఉంది. తీసినప్పుడు గుండ్రంగా మరక, రంగు పాకి తెరచాప మీదున్న గండభేరుండం (రెండు తలల పక్షి) బొమ్మ సగం చెరిగిపోయింది. "మీటింగుంది సార్, సాయంత్రం దాకా ఉంటే చూస్తాం, లేదంటే పండగ శుభాకాంక్షల యాడేమన్నా ఉంటే చెప్పండి, అందులో మీ ఓడ ఫోటో పెట్టుకోవచ్చు" అన్నాడు. సాయంత్రం దాకా కూర్చున్నా. ఆయన వెనక మెట్ల మీదుగా ఎప్పుడో వెళ్ళిపోయాడని స్వీపరమ్మ చెప్పింది. ఆమే నా కాగితాలు ఏరి చేతికిచ్చింది.

సర్వీసులో ఎంత పెద్ద ఆఫీసర్ అయినా పని తెలిసినవాడిని ఇట్లా నిలబెట్టి మాట్లాడలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలా. వీళ్ళు రోజూ అందర్నీ నిలదీస్తామంటారు, మున్సిపాలిటీని, ఆస్పత్రిని, కలెక్టరాఫీసుని. తమ పేజీలో తప్పు చూపించినవాడికి ఒక కుర్చీ వేయలేరు. సముద్రం సంగతి మనకెందుకులే అనుకునే జాతి కాదండీ తెలుగువాళ్ళు, శాతవాహనుల నాణేల మీద రెండు మాస్ట్‌ల ఓడ బొమ్మ ఉంది, కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వ్యాపారులకి అభయ శాసనం వేయించాడు, తుపానుకి దెబ్బతిన్న ఓడల సరుకు రాజు లాక్కోడని రాతి మీద చెక్కించాడు. లోకల్ టచ్ కావాలంటే ఇవి రాయొచ్చు కదా, ఎవరొద్దన్నారు.

కాబట్టి నేను చెప్పేది, జిల్లా ఆఫీసుకి మాత్రం పోవద్దు. పేపర్ ఆఖరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఎడిటర్ పేరు, అడ్రస్ ఉంటాయి, చట్టం ప్రకారం వేయాల్సిందే. నేరుగా ఆయనకే రాయండి. తేదీ, పేజీ నంబర్, ఎడిషన్ రాసి, క్లిప్పింగ్ జెరాక్స్ పెట్టి, పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం) ప్రకటన ప్రింట్ జత చేసి, సవరణ ఏ వాక్యంలో పడాలో ఆ వాక్యం మీరే రాసివ్వండి. తిట్లు వద్దు, నాకూ చాలా వచ్చాయి నోటిదాకా, రాయలా. మెయిల్ ఒకటి, హెడ్ పోస్టాఫీసు నుంచి స్పీడ్ పోస్టు ఒకటి. చివర ఒక లైను, సవరణ రాకపోతే పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కి పోతానని. పోవాలంటే ముందు ఎడిటర్‌కి రాసి ఉండాలి, దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల్లోపు పోవాలి, తెలుగు వార్తకి ఇంగ్లీషు అనువాదం కూడా జత చేయాలి. కౌన్సిల్ జరిమానా వేయలేదు, హెచ్చరించగలదు, అభిశంసించగలదు, అంతే. టీవీ వాళ్ళు దాని కిందికి రారు. అయినా ఆ పేరు రాస్తే ఉత్తరం చదువుతారు.

చదివారు. హెడ్డాఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది, సబ్ ఎడిటర్ అంట. "సార్, ఫోటో చూసి తరంగిణి అని ఎట్లా గుర్తుపట్టారు?" అని అడిగింది. ముందు రెండు మాస్ట్‌లకి అడ్డ తెరచాపలు, వెనక దానికి నిలువు తెరచాప, హల్ (ఓడ ఒళ్ళు) మీద పలకల గీతలు, కుట్లు ఏమీ లేకపోవడం, అన్నీ చెప్పా. మధ్యలో ఆపకుండా విన్నది, రాసుకుంటున్న చప్పుడు నాకు వినపడింది. కుట్టిన ఓడ అలకి కొంచెం వంగుతుంది, మేకులు కొట్టినదాని మాదిరి బిర్రుగా నిలబడదు అంటే, అది వార్తలో రాసుండాల్సింది సార్ అన్నది. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. ఆ పేపర్లో పని తెలుసుకోవాలనుకునే మనిషి ఒకరున్నారు.

పడిన సవరణలో ఫోటో సంగతి, 1500 ఏళ్ళ సంగతి, పలమనేరు సంగతి ఉన్నాయి. చోళుల మాట వదిలేశారు. వెబ్‌సైట్లో అయితే ఈ రాత్రికి కూడా తరంగిణి ఫోటోనే ఉంది, సైట్ అడుగున గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ ఉంటే దానికి ఇప్పుడే పంపా. చోళుల గురించి రెండో ఉత్తరం కవర్లో పెట్టి అడ్రస్ రాసేశా, పొద్దున పోస్టాఫీసు తీయంగానే వేస్తా. మీ ఎడిషన్లో కూడా ఇదే ఫోటో వచ్చుంటే పేపర్ అమ్మేయకండి, తేదీ కనపడేట్టు పేజీ మొత్తం ఉంచుకుని మీరూ ఒక ఉత్తరం రాయండి.