తమ్ముడు వద్దన్నాడుగా

“తమ్ముడు వద్దన్నాడుగా అమ్మమ్మా!” అంది మా ఎనిమిదేళ్ల పిల్ల. ఏడు నెలల వాడు మొహం తిప్పేస్తే అమ్మమ్మ వాడి బుగ్గలు నొక్కి ఇంకో చెంచా దూర్చింది. ఆ అమ్మమ్మకు, అంటే మా అమ్మకు, కోపం వచ్చింది, నాకు సిగ్గేసింది. వాడి చేతులు పట్టుకుని కూర్చున్నది నేనే మరి.

నిజానికి ఈ పోరు గిన్నెలోనే మొదలవుతుంది. తల్లిపాలు తాగే 6–8 నెలల బిడ్డకు పైతిండి నుంచి రోజుకు సుమారు 200 కేలరీలు వస్తే చాలు. ఉగ్గుపిండి కొంచెం వేసినా ఉబ్బి చిక్కబడుతుంది. మింగలేడేమోనని మనం నీళ్లు పోస్తాం. ఆ నీళ్లకే పొట్ట నిండి వాడు నోరు మూసుకుంటాడు. బరువు పెరగడం లేదని మనం ఇంకా పోస్తాం. అందులోనూ కాళ్ల మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోస్తే బిడ్డకు వద్దనే వీలే ఉండదు, గొంతులోకి జారేది ఎటు పోతుందో చెప్పలేం కూడా. కూర్చోబెట్టి, చెంచాతోనే పెట్టాలి. చెంచా వంచితే ఉగ్గు నీళ్లలా కారిపోకూడదు, ముద్దగా జారాలి.

చిక్కగా ఉండాలి, మింగడానికీ తేలిగ్గా ఉండాలి. దీనికి మొలకెత్తిన రాగిపిండిని మించింది లేదు. రాగులు రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి, తడిగుడ్డలో మూట కట్టి ఒకటి రెండు రోజులు ఉంచాలి. చలికాలం చల్లటి వంటింట్లో మొలక రాదు. లైటు మాత్రం వేసిన ఓవెన్‌లో పెడితే వస్తుంది. రెండు పూటలా మూట కడగాలి. పుల్లటి వాసనో బూజో కనిపిస్తే మొత్తం పారేయాల్సిందే. మొలకల్ని ఎండబెట్టి, సన్నసెగ మీద వేపి, నలిపి పీచు చెరిగేసి పిండి పట్టాలి. కమ్మగా ఉంటుందని మాడ్చారో, పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైము చచ్చిపోతుంది, పడిన శ్రమంతా వృథా.

నాలుగు పెద్ద చెంచాల ఉగ్గుపిండి కప్పు నీళ్లలో ఉడికిస్తే గట్టి ముద్దవుతుంది. కాస్త చల్లారాక అర చిన్నచెంచా మొలకల రాగిపిండి కలిపితే కొద్ది నిమిషాల్లో వదులవుతుంది. అప్పుడు మళ్లీ ఒక పొంగు రానివ్వాలి. చిన్నచెంచా నెయ్యి వేస్తే ఇంకో 40 కేలరీలు. ఏడాది లోపు ఉప్పూ పంచదారా అక్కర్లేదు. తేనె అసలు నాకించొద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన విషజబ్బు భయం. మాటలు త్వరగా వస్తాయని వసకొమ్ము అరగదీస్తుంటారు. అమెరికాలో 1968 నుంచి వసను తిండిలో వాడటమే నిషిద్ధం.

ఉగ్గు ఎంత బాగా కుదిరినా ఇనుము చాలదు. 7–12 నెలల బిడ్డకు రోజుకు 11 మిల్లీగ్రాములు కావాలి, తల్లిపాలలో ఉండేది నామమాత్రం. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఒంటికి కొంత పడుతుంది. మాంసం తినే ఇంట్లో మెత్తగా ఉడికించిన కైమా ఇంకా మేలు. డాక్టరు రాసిచ్చిన ఇనుము చుక్కల సీసా అలమరలో దాచుకోవడానికి కాదు.

అన్నం వార్చే అమ్మను చూసి నవ్వుకుని కుక్కర్ కొన్నదాన్ని నేను. తీరా చూస్తే, ఒకటికి ఆరు నుంచి పది పాళ్ల నీళ్లు పోసి గంజి వారిస్తే బియ్యంలోని ఆర్సెనిక్ అనే విషపదార్థం సగం దాకా పోతుందట! ఇప్పుడు నేనూ వారుస్తున్నాను. అయినా రోజూ బియ్యమే పెట్టకుండా రాగి, ఓట్స్, పప్పు మార్చి మార్చి పెట్టడమే మంచిది.

ఎంత తిన్నాడన్నదొక్కటే కొలత కాదు. 6–8 నెలల్లో పూటకు రెండు మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి అరకప్పు దాకా, రోజుకు రెండు మూడు పూటలు. ఎదుగుదల చార్టులో బరువు తన గీత వెంటే పెరుగుతుంటే 15వ పర్సంటైల్ (వందమంది ఈడువాళ్లలో కింది నుంచి పదిహేనో స్థానం) అయినా దిగుల్లేదు. అది ఎంసెట్ ర్యాంకు కాదని అమ్మకు చెప్పాను. ఆ చార్టు పట్టుకుని రాత్రి నిద్రపోనిది మాత్రం నేను.

మొహం తిప్పినా, పెదవులు బిగించినా, చెంచా తోసేసినా చాలని అర్థం. నాలుకతో బయటికి నెట్టితే మాత్రం వద్దని కాకపోవచ్చు, మింగడం ఇంకా రాకపోవచ్చు. కొత్త రుచి అలవాటవడానికి ఎనిమిది పది సార్లు పడుతుంది, అదీ వేర్వేరు రోజుల్లో. తొలి రోజు వద్దన్నదానికి కట్టుబడితే వాడు తోటకూర ఎప్పటికీ తినడు. మరి ఎన్నో ‘వద్దు’ దగ్గర ఆగాలి? అమ్మ కాకిని చూపించి నవ్విస్తూ ఇంకో రెండు చెంచాలు పెట్టేస్తుంది, వాడూ నవ్వుతూ తింటాడు. అది బతిమాలడమో మాయ చేయడమో నాకు తేలడం లేదు. బలవంతం పెట్టొద్దని అమ్మకు చెప్పిన రాత్రే, “చాలమ్మా” అన్న పెద్దదాని కంచంలో ఇంకో గరిటె పప్పన్నం వేశాను. అది అమ్మమ్మ వైపు చూసింది.