ఈత నేర్పే టీచరు ముందు నేర్పాల్సింది లేచి నిలబడటం

బీఎడ్, డీఎడ్ ట్రైనీలకు ఈత శిక్షణ అంటే చాలాచోట్ల చేతులు ఎలా తిప్పాలో చెప్పడంతోనే మొదలవుతుంది. మన వరంగల్ వైపు పిల్లలు మునిగేది ఈత పోటీల్లో కాదు. బాయి గట్టు మీద కాలు జారి, కాలువలో బట్టలు పిండుతూ, చెరువు మత్తడి (అలుగు) దగ్గర ఆడుకుంటూ మునుగుతారు. అలాంటి పిల్లకు ఊపిరి బిగపట్టడం, వెల్లకిలా తేలడం, ఒడ్డు అందుకోవడం వస్తే చాలావరకు గండం గట్టెక్కినట్టే. బంగ్లాదేశ్ పల్లెల్లో చెరువుల్లోనే నేర్పే కార్యక్రమం పెట్టుకున్న లక్ష్యం కూడా పెద్దదేం కాదు: 25 మీటర్లు ఈదడం, 30 సెకన్లు తేలడం, నీళ్లలోకి దిగకుండా ఇంకొకరిని బయటికి లాగడం. మన ట్రైనీలకూ ఇదే సిలబస్ సరిపోతుంది.

ముందు చోటు సంగతి. నీళ్లు పిల్లల నడుముకూ ఛాతీకీ మధ్య ఉండాలి, అడుగు కనబడాలి. మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లో రెండడుగులు వేస్తే మోకాలి లోతు కాస్తా నిలువు లోతు అయ్యే గుంతలుంటాయి, అందుకే చెరువు వద్దు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ అసలే వద్దు. సిమెంటు వాలు మీద నాచు పడితే పెద్దవాళ్లకే పట్టు దొరకదు. నడుముకు తాడు కట్టి బాయిలో దింపే పాత పద్ధతి ఒక తండ్రికి ఒక బిడ్డయితే నడుస్తుంది, తరగతికి పనికిరాదు. ఈతకొలనులో లోతు తక్కువున్న వైపు, ఒక ట్రైనీకి ఐదుగురు పిల్లలు మించకుండా చూసుకోవాలి. ఇంకొకరు గట్టు మీదే ఉండాలి. ఆయనకు పాఠం చెప్పే పని ఉండదు, చేతిలో ఫోనూ ఉండదు. కళ్లతో కాపలా కాయడమే ఆయన డ్యూటీ.

ఈత రాని ట్రైనీ గట్టు మీది పాఠాలు చెప్పొచ్చు. నీళ్లలో దిగేవాళ్లు మాత్రం ఒంటిమీది బట్టలతోనే ఒక పిల్లను ఒడ్డుకు చేర్చగలగాలి.

మొదటి పాఠం బకెట్ నీళ్లతో ఇంటి దగ్గరే అయిపోతుంది: నోటితో గాలి పీల్చడం, ముఖం ముంచి బుడగలుగా వదలడం. రెండోది కొలనులో, వెల్లకిలా తేలడం. ట్రైనీ ఒక అరచేయి భుజాల మధ్య వీపు కింద పెట్టి, ఇంకో చేతి రెండు వేళ్లు తల వెనక ఆనించాలి. చెవులు నీళ్లలో ఉండాలి, పొట్ట పైకి లేవాలి, చూపు ఆకాశం వైపు. పిల్ల తన కాళ్లు చూసుకోవాలని తల ఎత్తిందంటే నడుము కిందికి జారుతుంది, వెంటనే కాళ్లూ మునుగుతాయి. చాలామంది ట్రైనీలు అప్పుడు "కాళ్లు పైకెత్తు" అంటారు. సరిచేయాల్సింది తలను. ఒళ్లు వదులైందని తెలిశాక ముందు వేళ్లు తీయాలి, తర్వాత అరచేయి. చెప్పకుండా చేయి తీసేస్తే మాత్రం ఆ పిల్ల ఇక నమ్మదు.

తేలిన పిల్ల తిరిగి నిలబడటం దాదాపు ఎవరూ నేర్పరు. నడుము లోతులో కూడా పిల్లలు బెంబేలెత్తేది అక్కడే, కాళ్లు కిందికి రావు కాబట్టి. మోకాళ్లు పొట్టకు దగ్గరగా లాక్కోవాలి, తల ముందుకు వంచాలి, అరచేతులతో నీళ్లను వెనక నుంచి ముందుకు తోయాలి, అప్పుడు పాదాలు ఆనించాలి. ప్రతి పిల్లా ఇది తనంతట తాను పదిసార్లు చేసేదాకా కాళ్లు కొట్టడం మొదలుపెట్టకండి. ట్యూబు, ఎండు సొరకాయ బుర్ర కట్టి నేర్పితే శరీరం నిలువుగానే అలవాటు పడుతుంది, విప్పేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఆఖర్లో ఒకరోజు ఒంటిమీది బట్టలతోనే దింపాలి. తడిసిన పంజాబీ డ్రెస్సు, చున్నీ ఎంత బరువో, ఎట్లా చుట్టుకుంటాయో ఆడపిల్లలకు అక్కడే తెలియాలి. ఆడపిల్లల బ్యాచ్‌కు మహిళా ట్రైనీ ఉంటే తల్లిదండ్రులు ఒప్పుకోవడం కూడా తేలిక.

మునిగే పిల్ల సినిమాల్లోలా కేకలు వేయదు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, చేతులు నీళ్లను కిందికి నొక్కుతూ ఉంటాయి. నిమిషం లోపే మునిగిపోవచ్చు. అందుకే ట్రైనీ పిల్లలకు వీపు పెట్టకూడదు. పిల్లల్ని జోడీలుగా చేసి, దిగేముందు, మధ్యమధ్యలో, పైకొచ్చాక తలలు లెక్కపెట్టాలి.

కాపాడే పాఠంలో పిల్లలకు ఒక్కటే గట్టిగా చెప్పాలి, దూకొద్దు. గట్టు మీద బోర్లా పడుకుని కట్టె, చీర, లుంగీ అందించాలి. దూరంగా ఉంటే మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను తాడు కట్టి విసరాలి. ఈలోగా ఒకరు పెద్దవాళ్లను కేకేయాలి, 108కి ఫోన్ చేయించాలి.

బయటికి తీసిన పిల్లను కాళ్లు పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మన ఊళ్లలో ఇంకా చేస్తున్నారు. అందులో పోయేది సమయమే, పైగా కక్కిన తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. శ్వాస లేకపోతే ముందు నోటితో రెండు నుంచి ఐదు సార్లు గాలి ఊదాలి, తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 చొప్పున నొక్కాలి. లోతు ఛాతీలో మూడోవంతు. ఒక్కరే ఉంటే 30 నొక్కులకు రెండు శ్వాసలు. ట్రైనీలు దీన్ని బొమ్మ మీద రెండు నిమిషాలు ఆగకుండా చేయాలి. తొలి నిమిషం దాటేసరికే చేతులు సడలి లోతు తగ్గుతుంది. పక్కనున్నవాళ్లు అది గమనించి రెండు నిమిషాలకోసారి చేయి మార్చుకోవడం కూడా పరీక్షలో పెట్టాలి.