కన్నప్ప కాలు

కార్తీక సోమవారం. తెల్లవారేసరికే మబ్బు కమ్ముకుంది. ఈ నెలంటే అందరికీ తెల్లవారుజాము స్నానాలు, ఉసిరి చెట్టు కింద భోజనాలు. మా శ్రీకాళహస్తి వైపు వాటితో పాటు ఈశాన్య రుతుపవనాల వానలు కూడా. బట్ట జాడించడానికి స్వర్ణముఖిలో నీళ్లు పారతాయి కానీ ఆ బట్ట ఆరడానికి ఎండ ఉండదు. మిద్దె మీద దండేలు రెండే. ఇంట్లో పదకొండు మందిమి: అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, మరిది, తోడికోడలు, నా పిల్లలు ఐదుగురు. పిల్లల యూనిఫారాలకూ మామయ్య పంచెలకూ మధ్య కలంకారీ బొమ్మలు వేసే నా గాడా బట్టకు, అంటే ముతక నూలు గుడ్డకు, చోటు దొరకాలంటే అందరికంటే ముందు లేవాలి. లేచాను. అయినా మరిది జీన్స్ ప్యాంటు నాకంటే ముందే వెళ్లి సగం దండెం ఆక్రమించింది.

కలంకారీకి బట్టను ముందుగా కరక్కాయ పొడీ గేదె పాలూ కలిపిన నీళ్లలో నానబెట్టి, పిండి ఆరేయాలి. కరక్కాయలోని వగరు నలుపును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. నీళ్లపాలు పనికిరావు, చిక్కటివే కావాలి. అందుకే మా ఇంట్లో పాలవాడు రాగానే రెండోవాడు గిన్నె దగ్గర నిలబడి, “ఇవి మాకా, బట్టకా?” అని అడుగుతాడు. ఈ రోజు బట్టకే ఎక్కువ వెళ్లాయి. వాడు నల్ల టీ తాగి, అదేదో త్యాగమైనట్టు బడి సంచీ భుజాన వేసుకున్నాడు. ఈ మబ్బుకు బట్ట సాయంత్రానికి కూడా ఆరక పులిసిన వాసన కొడుతుందని తెలిసే ముంచాను. ఎండ కోసం ఆగితే కార్తీకమంతా ఆగాల్సిందే.

సోమవారం ఉపవాసం, చుక్క కనిపించేవరకు. పదిమందికి వండుతూ ఉప్పు చూడలేకపోవడం ఏమిటో ఉపవాసం ఉండి వండినవాళ్లకే తెలుస్తుంది. పెద్దమ్మాయి గరిటె అంచున పప్పు నాకి, “సరిపోయింది” అంది. సరిపోలేదని మధ్యాహ్నం మామయ్య మజ్జిగలో ఉప్పు వేసుకున్నప్పుడు అర్థమైంది.

ఇవాళ గుడి వైపు వెళ్లే ధైర్యం చేయలేదు. మామూలు రోజుల్లోనే రాహుకేతు పూజలకు వచ్చేవారితో వీధులు నిండిపోతాయి, కార్తీక సోమవారమైతే చెప్పనక్కర్లేదు. గర్భగుడిలో గాలి చొరబడే దారి లేకపోయినా రెపరెపలాడే ఆ దీపాన్ని చూడాలని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఊళ్లో ఉన్నవాళ్లం రద్దీ తగ్గిన రోజు చూసుకుంటాం. ఇంట్లోనే తులసి దగ్గర దీపం పెట్టి, పంచాక్షరి చెప్పుకుని, నైవేద్యానికి అరటిపండు తీయబోతే దాని కొన లేదు. పళ్ల గుర్తులు చిన్నవాడివే. అత్తయ్య, “దేవుడికి పెట్టకముందే ఎంగిలా!” అని మొదలుపెట్టింది. మామయ్య పేపరు మీద నుంచి తల ఎత్తకుండా, “కన్నప్ప రుచి చూసి పెట్టిన మాంసమే తిన్నాడు కదే ఆయన, అరటిపండుకు అభ్యంతరం చెబుతాడా?” అన్నాడు. అత్తయ్య ఇంకో పండు తెచ్చింది. కొరికిన పండు కూడా పక్కనే పెట్టింది, ఎందుకో అడగలేదు.

మధ్యాహ్నం మాత్రం నాది. పెద్దవాళ్లు బడికి, చిన్నవాడు నిద్రకు, అత్తయ్య టీవీలో ప్రవచనానికి. కలంకారీలో చాలా పనులు పిల్లల మధ్య కూర్చుని కూడా చేయవచ్చు. నానబెట్టడం, పటిక నీళ్లు పూయడం, కరక్కాయ పువ్వు పసుపు నింపడం, వీటన్నిటి నడుమ ఎదురుచూపే ఎక్కువ. పటిక పూసిన బట్ట కనీసం ఒక రోజు ఆగాలి. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము వేసిన కుండ వారాల తరబడి ఊరితే కానీ నల్ల రంగు, మా భాషలో కసింకారం, చేతికి రాదు. ఒక బిడ్డకు జడ వేసి ఇంకో బిడ్డకు ఎక్కం అప్పజెప్పించుకుని వచ్చేసరికి బట్టకు తన పని తాను చేసుకునే సమయం దొరుకుతుంది. ఇంతమంది పిల్లలు ఉన్నవాళ్లకే ఈ పని కుదురుతుందని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది.

బొమ్మల కళ్లు గీయడానికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. వెదురు పుల్ల మొన పైన ఉన్ని చుట్టి దారంతో కట్టిన కలం మాది. ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేలితో కొద్దిగా నొక్కితే మొనకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే కన్ను ఉండవలసిన చోట మడుగు తయారవుతుంది. గీసిన క్షణంలో గీత పలచగా ఉంటుంది, కరక్కాయ పట్టిన బట్టను తాకాక చూస్తుండగానే నల్లబడుతుంది. చింత బొగ్గుతో వేసినది దులిపితే పోతుంది కానీ దీన్ని చెరిపే మార్గం లేదు. ఒకప్పుడు మా ఇంట్లో కళ్లన్నీ మామయ్యే గీసేవారు. నాకు కలం పట్టడం నేర్పిందీ ఆయనే. 2008లో మా ఊరి కలంకారీ కళాకారుడు గురప్ప శెట్టి గారికి పద్మశ్రీ వచ్చిందన్న రోజు ఆయన హడావిడి చూడాలి, తనకే వచ్చినట్టు వీధంతా చెప్పుకొచ్చారు. ఇప్పుడు చేయి వణుకుతుంది కాబట్టి కళ్లు నా వంతుకు వచ్చాయి.

ఇవాళ గీయవలసింది కన్నప్ప కన్ను. ఒకటి ఇప్పటికే శివుడికి ఇచ్చేశాడు, బాణం రెండో దాని దగ్గర ఉంది. అంటే బొమ్మ మొత్తంలో మనిషికి మిగిలింది ఆ ఒక్క కన్నే. అందులో భయం కనిపించకూడదు, తానేదో గొప్ప పని చేస్తున్నానన్న మెరుపూ కనిపించకూడదు. ఇంట్లో పెద్దమ్మాయి చిన్నవాడి కాలిలో ముల్లు తీస్తున్నప్పుడు పెట్టే చూపు గుర్తొచ్చింది. ఎక్కడుందో చూసుకోవడం తప్ప వేరే ధ్యాస లేని చూపు. పై రెప్ప గీత ఒక్క ఊపిరిలో లాగాను. కింది రెప్ప, గుడ్డు. బాగానే వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఫోను. ఈ బొమ్మ చేయించుకుంటున్నాయన, హైదరాబాదు నుంచి. మొదట ధర గురించి: “మీరు ఖాళీ సమయాల్లో చేసుకునే పనే కదమ్మా, కాస్త తగ్గించండి.” ఖాళీ సమయమట! ఈ ఇంట్లో ఆ పేరుగల వస్తువు ఎక్కడుందో చూపిస్తే అదే ఆయనకు ఉచితంగా పార్సిలు చేస్తాను. నోటిదాకా వచ్చిన ఆ మాటను ఉపవాసం రోజని మింగాను. తరువాత అసలు సంగతి: “శివలింగం మీద కన్నప్ప కాలు పెట్టినట్టు ఉంది కదా, ఇంట్లో గోడకు పెట్టుకుంటే బాగుండదేమో. ఆ కాలు లేకుండా వేయగలరా?”

మాట్లాడి చెబుతానన్నాను. కాలు ఎందుకు పెట్టాడో ఈ ఊళ్లో చిన్నవాడు కూడా చెబుతాడు. రెండో కన్ను కూడా పెరికేస్తే చీకటే, దాన్ని ఎక్కడ అమర్చాలో తెలియదు. అందుకని ఆ చోట బొటనవేలు ఆనించుకున్నాడు. కాలు తీసేస్తే మిగిలేది ఒళ్లు తెలియక కన్ను పొడుచుకుంటున్న వేటగాడు. అయినా అత్తయ్యను అడిగాను. మడి, మైల, ఎంగిలి, ఏది తప్పినా ఊరుకోని మనిషి కదా, ఆయన పక్షమే వహిస్తుందనుకున్నాను. ప్రవచనం శబ్దం తగ్గించి, బట్ట దగ్గరికి వచ్చి, వంగి చూసింది. “కాలు తీసేస్తే ఆ కన్ను ఎక్కడ పెడతాడే?” అని మళ్లీ శబ్దం పెంచుకుంది.

సాయంత్రం మబ్బు విడవలేదు. చుక్క చూస్తే కానీ తినకూడదు, చుక్కా కనిపించదు. పిల్లలందరూ మిద్దె ఎక్కి నా తరఫున ఆకాశం గాలించారు. మూడోది “అదిగో!” అని అరిస్తే పరుగున వెళ్లాను. రేణిగుంటలో దిగబోతున్న విమానం. చివరికి, చుక్కలు పొడిచే వేళ దాటింది కాబట్టి మబ్బు వెనుక ఉన్నట్టేనని అత్తయ్యే తీర్పు చెప్పి విస్తరి వేసింది.

తిన్నాక ఆయనకు ఫోను చేశాను. కాలు ఉంటుంది, ధరా అంతే, వద్దంటే అడ్వాన్సు వెనక్కి పంపిస్తానని చెప్పాను. కాసేపు ఆలోచించి, ఇంట్లో అడిగి రేపు చెబుతానన్నారు. వద్దంటే మన గోడకే కడదామని అత్తయ్య అంటోంది. ఏ గోడ అని రెండోవాడు అడుగుతున్నాడు. హాల్లో ఉన్న ఒక్క గోడకూ వానాకాలం దండెం కట్టి, ఇప్పుడు దాని మీద వాడి చొక్కాలే ఆరుతున్నాయి.