మా హ్యామ్ శాటిలైట్‌ని రాకెట్ ఎక్కించడానికి పడ్డ పాట్లు

శాటిలైట్ తయారు చేయడం ఒక ఎత్తు, దాన్ని రాకెట్ ఎక్కించడం ఇంకో ఎత్తు. మాది హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ టీమ్, మేం చేసింది హ్యామ్స్ (లైసెన్స్ తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు) కోసం 10 సెంటీమీటర్ల క్యూబ్, లోపల ఒక ఎఫ్ఎం రిపీటర్ (కింద నుంచి వచ్చిన మాటని మళ్ళీ కిందకి పంపేది), ఒక బీకన్ (నేనున్నానని సిగ్నల్ పంపుతుండేది), అంతే. 2005 మే 5న కార్టోశాట్-1తో పాటు శ్రీహరికోట నుంచి వెళ్ళిన హ్యామ్‌శాట్ గురించి సీనియర్ హ్యామ్స్ చెప్తుంటే విని ఈ పిచ్చి పట్టింది నాకు, అది 2014 దాకా పనిచేసింది, ఎంతమంది దాని ద్వారా మొదటిసారి శాటిలైట్ మీద మాట్లాడారో.

మనకి రాకెట్ మొత్తం బుక్ చేసే స్తోమత ఉండదు, పెద్ద శాటిలైట్ పక్కన మిగిలిన చోట్లో సర్దుకోవాలి. ఇది కొత్తేం కాదు, 1961 డిసెంబర్ 12న వెళ్ళిన మొదటి హ్యామ్ శాటిలైట్ ఆస్కార్-1 కూడా రాకెట్‌లో బ్యాలెన్స్ కోసం పెట్టే బరువు స్థానంలోనే వెళ్ళింది. కాకపోతే అలా వెళ్తే ఆర్బిట్ మనది కాదు, డేట్ మనది కాదు.

ముందు ఫ్రీక్వెన్సీ. ఐఏఆర్‌యూ (హ్యామ్స్ అంతర్జాతీయ సంఘం) దగ్గర కోఆర్డినేషన్, ఢిల్లీలో డబ్ల్యూపీసీ (మన దేశంలో ఫ్రీక్వెన్సీలు ఇచ్చే ప్రభుత్వ విభాగం), అక్కడి నుంచి ఐటీయూకి (టెలికాం చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ) ఫైలింగ్, ఇంకా ప్రైవేటు అంతరిక్ష పనులకి అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ అనుమతి. అప్లికేషన్‌లో ఆర్బిట్ రాయమంటారు, మెయిన్ శాటిలైట్ వాళ్ళది ఫిక్స్ అయితే గానీ మనకి తెలీదు, అందుకే ఇంత నుంచి ఇంత ఎత్తు అని రాసి, తర్వాత మళ్ళీ మార్చి పంపాం. దీనివల్ల హ్యామ్స్‌కి ఏం ఉపయోగం అని ఐఏఆర్‌యూ గట్టిగా అడుగుతుంది. అడగాలి కూడా, హ్యామ్ శాటిలైట్లు వాడే 435–438 మెగాహెర్ట్జ్ అంటే కాలేజీ ప్రాజెక్టులకి ఫ్రీగా దొరికిన బ్యాండ్ కాదు, టెలిమెట్రీ (శాటిలైట్ తన పరిస్థితి గురించి పంపే డేటా) ఫార్మాట్ అందరికీ చెప్పాల్సిందే.

తర్వాత టెస్టులు. వైబ్రేషన్ ల్యాబ్‌లో ఒక పెద్దాయన మొదటి రోజే చెప్పేశారు, "మీ డబ్బా పైన పనిచేస్తుందా లేదా అది మీ ఇష్టం బాబూ, పక్కనున్న పెద్ద శాటిలైట్‌కి మాత్రం ఏమీ కాకూడదు" అని. సగం రూల్స్ దానికోసమే. బయటికి వచ్చాక 30 నిమిషాల దాకా యాంటెన్నా విప్పకూడదు, 45 నిమిషాల దాకా ట్రాన్స్‌మిట్ చేయకూడదు, డిప్లాయర్‌లో (రాకెట్‌లో క్యూబ్‌ని పెట్టి బయటికి తోసే పెట్టె) ఉన్నంతసేపు స్విచ్‌లు నొక్కి పట్టి కరెంట్ మొత్తం ఆఫ్. మా యాంటెన్నా స్టీల్ కొలత టేపు ముక్కలే, మడిచి నైలాన్ దారంతో కట్టి, దారం కింద నైక్రోమ్ వైరు పెట్టాం, వైరు వేడెక్కితే దారం కాలి టేపు టప్‌మని విచ్చుకుంటుంది. బల్ల మీద క్షణాల్లో అయ్యే పని చల్లటి చాంబర్‌లో చాలా లేటయ్యేది, బ్యాటరీ కూడా చల్లబడి వోల్టేజ్ పడిపోతుంది కదా, అందుకే వైరు రెండు వరసలు పెట్టి, ఒకటి కాల్చకపోతే రెండోది, అదీ కాకపోతే తర్వాతి ఆర్బిట్‌లో మళ్ళీ ట్రై చేసేలా కోడ్ రాశాం.

అన్నిటికన్నా కష్టం ఎదురుచూడటం. మెయిన్ శాటిలైట్ రెడీ కాలేదని డేట్ వెనక్కి వెళ్తూనే ఉంది, ఈలోపు సోల్డరింగ్ చేసినోళ్ళు పాసైపోయి ఉద్యోగాలకి వెళ్ళిపోయారు, జూనియర్స్‌కి అంతా మొదటి నుంచి నేర్పాం. రాకెట్ ఎక్కాక కూడా గ్యారంటీ లేదు, 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ మొదటి ప్రయోగంలో 750 మంది బడి ఆడపిల్లలు పనిచేసిన ఆజాదీశాట్, దాని తప్పేం లేకుండానే పోయింది, రాకెట్ ఒక వైపు 356, ఇంకో వైపు 76 కిలోమీటర్ల ఎత్తే ఉన్న ఆర్బిట్‌లో వదిలింది, అంత కిందకి వస్తే గాలి లాగేస్తుంది, అలాంటి చోట ఏదీ నిలవదు. ఆ పిల్లలు మళ్ళీ చేసి 2023 ఫిబ్రవరి 10న పంపారు, వాళ్ళంటే నాకు చాలా గౌరవం.

మాది వెళ్ళిన రోజు మా మీదుగా దాని మొదటి పాస్ (మా ఆకాశంలో దాటడం) రాకముందే బయటి దేశం హ్యామ్ ఒకాయన బీకన్ రికార్డింగ్ పంపాడు, ల్యాబ్ మొత్తం ఏడ్చేశాం. అయినా పని అయిపోలేదు, ఒకేసారి బోలెడన్ని వదిలారు కాబట్టి రాడార్‌తో శాటిలైట్లని ట్రాక్ చేసేవాళ్ళు నంబర్లిచ్చే లిస్టులో ఏ నంబర్ మాదో తెలీదు. డాప్లర్ వల్ల, అంటే శాటిలైట్ దగ్గరికి వచ్చి దూరం పోతుండటం వల్ల, పాస్‌లో ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ 10 కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది, ఆ కర్వ్‌ని ఒక్కో నంబర్‌తో పోల్చుకుంటూ పోతే చివరికి ఒకటే అతికింది. అది ఖాయం చేసుకున్నాకే రిపీటర్ ఆన్ చేశాం. హ్యాండ్‌సెట్, చేతిలో చిన్న యాగీ యాంటెన్నా ఉంటే చాలు, లైసెన్స్ ఉన్నోళ్ళు ఎవరైనా రండి.