ఖాళీ, శూన్యం, ‘ఏనూ ఇల్ల’: పిల్లల ప్రశ్నకు మన జవాబు

బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలు ఈ ప్రశ్న సగం ఇంగ్లిషులోనే వేస్తారు: ‘దేవుడు నథింగ్‌లోంచి మ్యాటర్ చేయగలడా?’ ముందు ఆ ‘నథింగ్’ సంగతి తేల్చాలి, తికమకంతా అక్కడే. పోపుల డబ్బా ఖాళీ అంటే లోపల గాలుంది. గాలి కూడా తోడేస్తే శూన్యం. శూన్యంలోనూ చోటుంది, కాలముంది, కణాలకు మూలమైన క్వాంటం క్షేత్రాలున్నాయి. అవీ లేకపోతేనే ‘ఏమీ లేదు’, వాళ్లు బడిలో కన్నడంలో అనే ‘ఏనూ ఇల్ల’. భౌతికశాస్త్రం శూన్యం దాకా కొలుస్తుంది. దేవుణ్ని గురించిన ప్రశ్న ఆ తర్వాతిది.

శక్తిలోంచి పదార్థం పుట్టడం మాత్రం ప్రయోగాల్లో చూసిందే. కనీసం 1.022 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న గామా కిరణం పరమాణు కేంద్రకం పక్కగా పోతూ మాయమై, ఒక ఎలక్ట్రాన్, దానికి ధనావేశమున్న జోడీ అయిన ఒక పాజిట్రాన్ పుట్టవచ్చు. ఒక్కోదాని ఖరీదు 0.511, రెండూ కలిపి 1.022. పక్కన కేంద్రకం లేకపోతే ద్రవ్యవేగం లెక్క కుదరదు. పాజిట్రాన్ జాడను 1932లో కార్ల్ ఆండర్సన్ క్లౌడ్ ఛాంబర్‌లో, అంటే కణాలు పోయిన దారిని ఆవిరిలో గీతలుగా చూపే పెట్టెలో పట్టుకున్నాడు.

పిల్లలకు ఎక్కేది కరెంటు బిల్లు లెక్క. ఒక గ్రాము పదార్థంలో ఉన్న శక్తి 2.5 కోట్ల యూనిట్లు. పుట్టించేటప్పుడు అంతే ప్రతిపదార్థం (పాజిట్రాన్‌లాంటి ఎదురు జోడీ కణాలది) కూడా వస్తుంది కాబట్టి 5 కోట్లు. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి అది 20 వేల ఏళ్లకు పైగా సరిపోతుంది. గాల్లోంచి చిటికెడు విభూతి తీశారని చుట్టాలెవరైనా చెప్పినప్పుడు ఈ లెక్క వేయించండి. అలాంటి మహిమలను పరీక్షించాలని 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య ఏకంగా కమిటీయే వేశారు.

ఇక భక్తి వైపు. మనవాళ్లలో చాలామంది ‘ఏమీ లేనిచోట నుంచి’ అనే మాటనే ఒప్పుకోలేదు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును అడుగుతాడు: ‘కథమసతః సజ్జాయేత’, లేనిదాన్నుంచి ఉన్నది ఎలా పుడుతుంది? ముండకంలోని పోలిక సాలెపురుగు, దారం తనలోంచే తీస్తుంది. న్యాయ వైశేషిక తత్వవేత్తల ఈశ్వరుడు కుమ్మరిలాంటివాడు, పరమాణువులనే మట్టి ఎప్పుడూ ఉన్నదే. తైత్తిరీయం ‘మొదట అసత్తే ఉంది’ అంటుంది గానీ, శంకరుల వ్యాఖ్యలో అది నామరూపాలు విడివడని స్థితి. ఏమీ లేనిచోట నుంచి దేవుడు సృష్టించాడనేది క్రైస్తవ సిద్ధాంతం. పక్క బెంచీ స్నేహితుడి నమ్మకం వేరెందుకో మన పిల్లలకు ఇక్కడ తెలుస్తుంది.

‘బిగ్ బ్యాంగ్ అంటే మన ఓంకారమే’ అని మాత్రం అనకండి. 1380 కోట్ల ఏళ్ల కింద విపరీతమైన వేడితో, సాంద్రతతో ఉన్న విశ్వం ఎలా వ్యాకోచించిందో ఆ సిద్ధాంతం చెబుతుంది, ఏమీ లేనిచోట నుంచి పుట్టిందని కాదు. దానికి పునాది వేసినవారిలో ఒకడైన జార్జ్ లెమైత్ర్ స్వయంగా క్రైస్తవ మతాచార్యుడు. ఆయనే ఈ సిద్ధాంతాన్నీ మత విశ్వాసాన్నీ కలపవద్దన్నాడు. ‘అయితే దేవుడికి చేతకాదా?’ అని పిల్లాడు గుచ్చితే, శక్తి నిత్యత్వం (శక్తి కొత్తగా పుట్టదు, నశించదు) విశ్వం లోపలి నియమమనీ, ఆ నియమం ఎక్కణ్నుంచి వచ్చిందో కొలిచే పరికరం లేదనీ చెప్పండి. నాయనమ్మ నమ్మకం అక్కడ నిలబడుతుంది, లెక్కా చెడదు.

పన్నెండేళ్లు దాటితే క్లౌడ్ ఛాంబర్ చేయించవచ్చు. వెడల్పు మూతి గాజు సీసా అడుగున మందపాటి ఉన్ని గుడ్డ బిగించి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడపాలి. నల్లరంగు వేసిన లోహపు మూత గట్టిగా బిగించి, తలకిందులుగా డ్రై ఐస్ మీద పెట్టాలి. పది, పదిహేను నిమిషాలు ఆగి, గది చీకటి చేసి, పక్క నుంచి టార్చి వేస్తే సన్నని తెల్లని గీతలు కనిపిస్తాయి. తిన్నగా పోయేవి చాలావరకు పైనుంచి వచ్చిపడే మ్యూయాన్‌లనే కణాలవి. మందుల షాపులో దొరికే 70 శాతం ద్రవం పనికిరాదు, అందులో నీళ్లెక్కువ. మూత సందుల్లోంచి గాలి దూరినా, వెలుతురు పైనుంచి పడినా ఏమీ కనిపించదు. డ్రై ఐస్ −78 డిగ్రీలు: మందపాటి గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వద్దు, మూసిన డబ్బాలో దాచద్దు, కిటికీలు తెరిచే ఉంచాలి. ఆల్కహాల్ అంటుకునేది కాబట్టి దేవుడి గదిలో దీపం ఆర్పాకే మొదలుపెట్టాలి. ఆ గీతల్లో పాజిట్రాన్ ఏదని పిల్లలు తప్పక అడుగుతారు. బలమైన అయస్కాంత క్షేత్రం లేనిదే దాన్ని ఎలక్ట్రాన్ నుంచి విడదీసి గుర్తుపట్టలేం.