పొటాషియం ఎంతుందో కూడా అడగండి

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ అనే మాట తెలియని ఇల్లు లేదు. కిడ్నీలు దెబ్బతింటే రక్తపరీక్షలో పెరిగే అంకె అది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఏ మండలంలో ఏ ఊరికి వెళ్లినా, బడి మొహం చూడని ముసలమ్మ కూడా ఎదుటి మనిషిని "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతుంది. షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా చప్పుడు లేకుండా కిడ్నీలు పాడవుతున్న ప్రాంతం మాది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. అందుకే ఆ ఒక్క అంకెను మేం అంత గట్టిగా పట్టుకున్నాం. అదే రిపోర్టులో ఇంకో వరుసలో పొటాషియం అని ఉంటుంది. దాన్ని ఎవరూ అడగరు. నన్ను చావు దాకా తీసుకెళ్లింది ఆ అంకే.

నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మావారిది కొబ్బరితోట. నాకు కిడ్నీ జబ్బు ఉందని నలభై దాటాక తెలిసింది. క్రియాటినిన్ రెండు దాటి, రెండున్నర లోపు ఉండేది. బీపీకి, కిడ్నీకి కూడా మంచిదని టెల్మిసార్టాన్ మాత్ర ఇచ్చారు. క్రమం తప్పకుండా వేసుకునేదాన్ని. బడికి వెళ్తూ, వంట చేసుకుంటూ మామూలుగానే ఉన్నాను.

ఆ ఏడు మే నెల ఎండల్లో నాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా ఇళ్లలో అలాంటప్పుడు ఇచ్చే మొదటి మందు బొండాం నీళ్లు. మావారు చెట్టు దింపించారు. అత్తమ్మ పక్కనే కూర్చుని "తాగమ్మా, నీరసం పోద్ది" అంటూ గ్లాసు మీద గ్లాసు పట్టించింది. మధ్యలో ఓఆర్‌ఎస్. ఒళ్లు నొప్పులుగా ఉంటే ఊళ్లోనే నొప్పులకు సూది వేశారు. బీపీ మాత్ర ఎప్పటిలాగే వేసుకున్నాను. విరేచనాలు తగ్గాయి. కానీ మూత్రం బాగా తగ్గిపోయింది. ఎండకి అంతేలే అనుకున్నాం.

తర్వాత ఒక తెల్లవారుజామున మంచం దిగబోతే కాళ్లు లేవలేదు. నొప్పి లేదు, తిమ్మిరి కూడా పెద్దగా లేదు. తొడల్లో బలం లేదు, అంతే. మావారు చంకల కింద చేతులు వేసి నిలబెడితే మళ్లీ కూలబడ్డాను. పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంది. 108లో శ్రీకాకుళం తీసుకెళ్లారు. దారంతా పక్షవాతమేమోనని మావారి టెన్షన్.

ఆస్పత్రిలో రక్తం తీసి పంపారు. రిపోర్టు వచ్చేలోపే ఈసీజీ తీశారు. ఆ కాగితం చూసిన డాక్టరమ్మ నర్సుతో "కాల్షియం తీసుకురా" అంది. నా కిడ్నీ ఫైలు కూడా చూసింది. అంతే, ఇంక ఆగలేదు. ఈసీజీలో టీ అనే అల ఒకటుంటుంది. అది గుండ్రంగా, పొట్టిగా ఉండాలి. నాకు గుడారంలా మొనదేలి పైకి లేచి ఉందట. పొటాషియం బాగా పెరిగినప్పుడు కనిపించే గుర్తు అది. ఇంకా పెరిగితే అలలు వెడల్పయిపోయి, గుండె లయ తప్పి, ఆగిపోవచ్చు. తర్వాత వచ్చిన రిపోర్టులో పొటాషియం 7.1. ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్య.

ఆ గంటలో ఏం చేశారో చెప్పాలి. మా ప్రాంతంలో ఇది ఇంకొకరికి జరగొచ్చు. అప్పుడు పక్కనున్నవాళ్లు భయపడకుండా ఉండాలంటే తెలియాలి. ముందు కాల్షియం గ్లూకోనేట్‌ను నరంలోకి నెమ్మదిగా, మానిటరు చూస్తూ ఎక్కించారు. అది పొటాషియాన్ని తగ్గించదు. గుండె కండరాన్ని కాసేపు కాపాడుతుంది. మిగతా మందులు పనిచేసేదాకా టైము ఇస్తుంది. తర్వాత ఇన్సులిన్, దాంతోపాటు గ్లూకోజు.

"నాకు షుగరు లేదు కదా డాక్టరుగారూ?" అని అడిగాను.

"షుగరు కోసం కాదు టీచరుగారూ. ఇన్సులిన్ రక్తంలో ఉన్న పొటాషియాన్ని కణాల లోపలికి తోస్తుంది. మీ షుగరు పడిపోకుండా గ్లూకోజు" అంది.

ఆస్తమావాళ్లకు పెట్టే సాల్బుటమాల్ నెబ్యులైజరు కూడా పెట్టారు. అదీ లోపలికి తోసేదే. చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. అలా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. గంటగంటకూ వేలు గుచ్చి షుగరు చూశారు. కానీ లోపలికి తోసిన పొటాషియం ఒంట్లోనే ఉంటుంది, కొన్ని గంటల్లో మళ్లీ బయటికి వస్తుంది. దాన్ని ఒంట్లోంచి పంపేయాలి. మూత్రం సరిగ్గా రావడం లేదు కాబట్టి మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ చేశారు.

డయాలసిస్ అనగానే నా గుండె జారిపోయింది. మా ఊళ్లో ఆ మాటకు అర్థం జీవితాంతం అని. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది: మీ కిడ్నీలు విరేచనాలకు నీరు తగ్గి, నొప్పుల సూదికి ఇంకా దెబ్బతిని ఉన్నాయి, తేరుకునేదాకా ఇది ఆసరా అని. ఆమె చెప్పినట్టే జరిగింది. మూత్రం మెల్లగా పెరిగింది. గొట్టం తీసేశారు. క్రియాటినిన్ పాత చోటికి దగ్గరగా వచ్చి ఆగింది. కాళ్లలో బలం మాత్రం పొటాషియం దిగిన రోజే వచ్చేసింది. పొద్దున లేవలేని మనిషిని మర్నాడు గోడ పట్టుకుని నడిచాను. కొంచెం ఉప్పులాంటిది మనిషిని అలా పడేసి, అలా లేపుతుందంటే నాకు ఇప్పటికీ నమ్మకం కుదరదు.

ఐసీయూలో నా పక్క మంచం మీద ఒక కుర్రాడు ఉండేవాడు. పాతికేళ్లుంటాయి. వాడికీ కాళ్లు పడిపోయాయి. పెళ్లి భోజనం కడుపునిండా తిని పడుకున్నాడు, తెల్లారి లేవలేకపోయాడు. నాలాగే అనుకున్నాను. తీరా వాడి పొటాషియం 2.1. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే కొందరు కుర్రాళ్లలో ఇలా వస్తుందట. పిండి పదార్థాలు బాగా తింటే ఒంట్లో ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న పొటాషియాన్ని ఒక్కసారిగా కణాల్లోకి లాగేస్తుంది. నన్ను ఏ ఇన్సులిన్ బతికించిందో, అలాంటి ఇన్సులినే వాడి కాళ్లు పడగొట్టింది. వాడికి పొటాషియం సిరప్ ఇస్తున్నారు. దాని రుచికి మొహం వికారంగా పెట్టేవాడు. ఎక్కువైనా కాళ్లే, తక్కువైనా కాళ్లే. గుండెకు రెండూ ప్రమాదమే. చేతితో నాడి పట్టుకునో, మొహం చూసో ఇది ఎక్కువా తక్కువా అని ఎవరూ చెప్పలేరు. రక్తపరీక్ష, ఈసీజీ కావాల్సిందే. కాళ్లు పట్టు తప్పిన మనిషికి నీరసం అని బొండాం పట్టించేముందు ఆ రెండూ చేయించాలి.

మన ఒంట్లో పొటాషియం దాదాపు 98 శాతం కణాల లోపలే, ముఖ్యంగా కండరాల్లో ఉంటుంది. రక్తంలో తిరిగేది బహు కొద్ది. ఆ కొద్దిదాన్ని సరైన కొలతలో ఉంచే పని చాలావరకు కిడ్నీలదే. రోజూ తిన్నదాంట్లో 90 శాతం దాకా మూత్రంలో పంపించేది అవే. కిడ్నీలు బాగున్నవాళ్లు బొండాం తాగినా, అరటిపండు తిన్నా ఏమీ కాదు. పైగా పొటాషియం ఉన్న పళ్లూ కూరలూ బీపీకి మంచివి. నా కథ విని ఆరోగ్యంగా ఉన్నవాళ్లు బొండాలు మానేస్తే నాకు బాధే. ఈ జాగ్రత్త కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు. ఆ మాత్రలు చెడ్డవి కావు. పొటాషియాన్ని కొంచెం పట్టి ఉంచుతాయి, కాబట్టి అప్పుడప్పుడు పరీక్ష కావాలి. ఓఆర్‌ఎస్ కూడా చెడ్డది కాదు. విరేచనాల్లో పోయినదాన్ని పూడ్చడానికే అందులో కొంత పొటాషియం కలుపుతారు. నా విషయంలో అన్నీ ఒకేసారి కలిశాయి.

ఇంటికొచ్చాక వంట మారింది. డైటీషియన్ నేర్పినట్టు బంగాళదుంప, కంద లాంటివి తొక్క తీసి, చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తాను. ఊరికే నానబెడితే పెద్దగా పోదు, ఉడికించి వార్చాలి. అప్పుడు పొటాషియంలో చాలా భాగం నీళ్లతో పోతుంది. సొరకాయ, బీరకాయ, క్యాబేజీ ఎక్కువగా వండుతాను. ఆకుకూర కూడా వార్చే. టమాటా, చింతపండు పులుసు తగ్గించాను. బెల్లం కూడా. పండు కావాలంటే యాపిల్ ముక్క, అనాస ముక్క. బీపీకి మంచిదని కొట్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పు మా ఇంట్లోకి రానివ్వను. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడే. ఆ సంగతి ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నాళ్లు నీళ్లలో కలుపుకుని తాగే పొడి కూడా ఇచ్చారు. పేగుల్లో పొటాషియాన్ని పట్టుకుని మలంతో బయటికి తీసుకుపోయే మందు. ఇసుక తాగినట్టుండేది, మలబద్ధకం చేసేది. అంకె నిలకడగా ఉన్నాక ఆపేశారు.

బొండాం మానడమే కష్టం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా తోటలో చాలా చెట్లు పడిపోయాయి. మళ్లీ మొక్కలు పెట్టి పెంచాం. అవి కాపుకొచ్చిన కాలంలోనే నాకు ఈ నిషేధం. 100 మిల్లీలీటర్ల బొండాం నీళ్లలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక పెద్ద బొండాంలో అరగ్రాముకు మించే వస్తుంది. నాలాంటి వాళ్లకు రోజు మొత్తానికి డాక్టరు ఇచ్చే లెక్కలో అది పెద్ద వాటా. పనసపండు కాలంలో కూడా అంతే, పిల్లలు తింటుంటే నేను వాసన చూసి ఊరుకుంటాను. అత్తమ్మకు ఇది అర్థం చేయించడం నాకంటే డాక్టరమ్మకే తేలికైంది. ఆమె తప్పేమీ లేదని కూడా ఆ డాక్టరమ్మే చెప్పింది. ఆ మాటకు అత్తమ్మ ఏడ్చింది.

ఇంకో సంగతి. ఆ తర్వాత ఒకసారి రిపోర్టులో 6.3 అని వచ్చింది. ఇంట్లో మళ్లీ గోల. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, ఈసీజీ మామూలుగా ఉంది. వెంటనే మళ్లీ రక్తం తీస్తే 4.8. మొదటిసారి తీసిన రక్తం టౌనుకు చేరేలోపు కణాలు పగిలి, లోపలి పొటాషియం బయటికి కారి, అంకె పెరిగిందన్నారు. చేతికి కట్టు చాలాసేపు బిగించినా, పిడికిలి మాటిమాటికీ మూసి తెరిచినా కూడా ఇలా కావచ్చట. ఇప్పుడు రక్తం ఇచ్చేటప్పుడు పిడికిలి ఊరికే వదిలేస్తాను. అలాగని ఎక్కువ వచ్చిన అంకెను తప్పని కొట్టిపారేయకూడదు. అదే రోజు మళ్లీ చూపించుకోవాలి.

బీపీ మాత్ర కొన్నాళ్లు ఆపి, పొటాషియం చూసుకుంటూ తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెట్టారు. డిశ్చార్జి రోజు డాక్టరమ్మ నా ఫైలు మొదటి పేజీలో తెలుగులో రాసిచ్చింది. వాంతులు, విరేచనాలైతే ఆ రోజే ఫోన్ చేయాలి, టెల్మిసార్టాన్ ఆపాలో వద్దో అడగాలి. నొప్పుల మాత్రలూ సూదులూ వద్దు. ఏం తాగాలో, ఎంత తాగాలో అడిగి తాగాలి. మర్నాటికల్లా క్రియాటినిన్, పొటాషియం రెండూ చేయించాలి. కాళ్లు పట్టు తప్పితే ఆగకుండా ఈసీజీ ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. మావారు ఆ పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నారు. మా వీధిలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లన్నిటికీ పంపారు, ఎవరి మాత్ర పేరు వాళ్ల డాక్టరుతో రాయించుకోమని చెప్పి.