ఆరు తూటాలు తక్కువ

పిస్తోలు లైసెన్సు పుస్తకం వెనక పేజీల్లో రాసి ఉన్న లెక్క ప్రకారం మా నాయిన దగ్గర 50 తూటాలు ఉండాలి. 2004లో 25, 2011లో 25. కొన్న రెండుసార్లూ దుకాణదారు తేదీ వేసి, ముద్ర కొట్టి సంతకం పెట్టాడు. కాల్చినట్టు ఎక్కడా లేదు. నేను బీరువాలోంచి తీసి, మంచం మీద దుప్పటి పరిచి లెక్కపెడితే 44 ఉన్నాయి. పదేసి చొప్పున కుప్పలు పోసి మళ్లీ లెక్కపెట్టాను. అవే 44.

నాయినను అడిగితే టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ఉంటయి తియ్యి, యాడికి పోతయి" అన్నాడు.

మిల్లులో ఒక్క బస్తా తేడా వస్తే రాత్రి పదింటి దాకా గుమస్తాను కూర్చోబెట్టే మనిషి ఆయన. తూటాల విషయంలో అలా అనేసరికి నాకు కాళ్లు చల్లబడ్డాయి. పిస్తోలు నా చేతికి రావడానికి లైసెన్సు దరఖాస్తు పెట్టాను, వారంలో పోలీసు విచారణకు వస్తారు. పిస్తోలు నంబరు, తూటాల లెక్క అన్నీ సరిచూస్తారు.

మాది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండే వడ్లు, వాటి మీద బతికే రైస్ మిల్లులు. మాదీ వాటిలో ఒకటి. ఇప్పుడంటే డబ్బంతా ఖాతాల్లోనే తిరుగుతోంది కానీ, నాయిన రోజుల్లో కోతల సీజన్ వచ్చిందంటే నోట్ల సంచులు మోటారు సైకిళ్ల మీద తిరిగేవి. అందుకే 2004లో లైసెన్సు తీసుకుని పాయింట్ 32 బోరు, అంటే గొట్టం రంధ్రం సుమారు 0.32 అంగుళం ఉండే పిస్తోలు కొన్నాడు. బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 'అశని'. అశనిపాతం అంటాం చూడండి, ఆ అశనే. పేరు అంత భయంకరంగా ఉన్నా మనిషి అరచేతిలో పట్టే వస్తువు.

నిజం చెప్పాలంటే నాకు మొదట దాని మీద పెద్ద మోజు లేదు. నా మోజంతా పాయింట్ 45 మీద. అది అంటుకున్నది టెక్సాస్‌లో.

2022లో డాలస్‌లో ఉన్న అక్క వాళ్లింటికి పోయాను. బావ ఒక ఆదివారం షూటింగ్ రేంజికి తీసుకుపోతానన్నాడు. ముందు ఆన్‌లైన్లో నాతో వేట లైసెన్సు కొనిపించాడు. ఎందుకంటే, నాలా విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి పట్టుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపు. జింక తోక కూడా చూడకుండానే అలా వేటగాణ్ని అయిపోయాను.

బావ చేతికిచ్చింది 1911 అనే పాయింట్ 45 పిస్తోలు. జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన మోడల్, అమెరికా సైన్యం 1911లో తీసుకుంది కాబట్టి ఆ పేరు. 1985 దాకా సైన్యంలో అదే నడిచింది. కిలో పైన బరువు, మ్యాగజైన్‌లో, అంటే పిడిలోకి దూర్చే తూటాల పెట్టెలో, ఏడు తూటాలు. ఒక్కో గుండు బరువు దాదాపు 15 గ్రాములు. మా ఇంట్లో ఉన్న పాయింట్ 32 గుండు ఐదు గ్రాములు కూడా ఉండదు. చిత్రమేమిటంటే ఈ రెండు తూటాలనూ రూపొందించింది ఆ బ్రౌనింగే.

మొదటి దెబ్బకు చెవులకు మఫ్ ఉన్నా గుండెలో దబ్బుమంది. చురుక్కుమనే దెబ్బ కాదు. ఎవరో ఎదురుగా నిలబడి రెండు చేతులనూ బలంగా తోసినట్టు ఉంది. నేను కన్ను తెరిచేలోపే పైనున్న స్లైడ్ వెనక్కి పోయి, ఖాళీ తూటాను బయటికి విసిరి, ముందుకొస్తూ కొత్తదాన్ని ఎక్కించుకుంది. సెమీ ఆటోమేటిక్ అంటే అంతే. మీట ఒకసారి నొక్కితే ఒకటే పేలుతుంది, కానీ తర్వాతి దానికి అదే సిద్ధమైపోతుంది. అది విసిరిన ఖాళీ తూటా ఒకటి నా కాలరులో పడి మెడ మీద బొబ్బ లేపింది. కంగారులో పిస్తోలు పట్టుకునే పక్కకు తిరగబోయాను. బావ నా మణికట్టు పట్టుకుని గొట్టాన్ని మళ్లీ ముందుకే తిప్పాడు. అంత సౌమ్యుడైన మనిషి ఆ రోజు నన్ను తిట్టిన తిట్లు అక్కకు ఇప్పటికీ చెప్పలేదు. ఆ తిట్లు నాకు పడాల్సినవే.

ఏడు గుండ్లలో మూడు కాగితానికి తగిలాయి. ఇంటికొచ్చాక కూడా అరచేతుల్లో ఆ తోపు ఉండిపోయింది. కొంటే ఇలాంటిదే కొనాలి అనుకున్నాను.

తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఒక పాత ఆయుధాల దుకాణానికి పోయి అడిగితే, కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన నవ్వాడు. "పాయింట్ 45 అంటే ఢిల్లీ పోవాలె సార్" అన్నాడు. మన దగ్గర సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం. తూటాలతో గానీ, పాయింట్ 45 తూటాలతో గానీ పేలే పిస్తోళ్లు మామూలు లైసెన్సు కిందికి రావు. వాటి లైసెన్సు కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది, జిల్లాలో ఇచ్చేది కాదు. పైగా మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి 1980లలోనే ఆగిపోయింది. అంతకుముందు వచ్చిన పాత విదేశీ పిస్తోళ్లే చేతులు మారుతూ లక్షల్లో పలుకుతున్నాయి. "మీ నాయిన దగ్గర అశని ఉందంటిరి గద, దాన్నే మంచిగ చూస్కోండి" అని టీ తెప్పించాడు. నా పెద్ద తూటా కల ఆ టీతోనే ముగిసింది.

అశని నా చేతికి రావడానికి కారణం మాత్రం ఎన్నికలు. నోటిఫికేషన్ రాగానే లైసెన్సు ఉన్నవాళ్లలో చాలామంది ఆయుధాన్ని స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలి, కోడ్ ఎత్తేశాక తెచ్చుకోవాలి. 2023 నవంబరులో అసెంబ్లీ, 2024 మేలో పార్లమెంటు. ఆరు నెలల్లో రెండుసార్లు. జూన్‌లో తెచ్చుకున్న రోజు నాయిన చెయ్యి వణకడం చూశాను. మ్యాగజైన్ పెట్టబోతే అది దూరే సందు దొరకలేదు. "ఇంక నాతోని కాదు బిడ్డా, నీ పేరు మీద రాపిచ్చుకో" అన్నాడు. అప్పటికి ఆయనకు 71.

2016 ఆయుధ నియమాల్లో దీనికి దారి ఉంది. లైసెన్సుదారుకు 70 నిండినా, లేదా ఆయుధం తన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, తాను చెప్పిన వారసుడికి లైసెన్సు కోసం దరఖాస్తు చేయించవచ్చు. అలాగని ఇది పాసుబుక్కులో పేరు మార్పిడి లాంటిది కాదు. కొత్తవాడికి ఎన్ని పరీక్షలుంటాయో నాకూ అన్ని ఉన్నాయి. ఏ-1 ఫారం, గుర్తింపు కాగితాలు, ఇంట్లో భద్రంగా దాస్తానన్న హామీ, వైద్యుడి సర్టిఫికెట్, శిక్షణ సర్టిఫికెట్, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న అఫిడవిట్. మిగతా వారసులంటే అమ్మ, అక్క. అక్క డాలస్ నుంచి కాన్సులేట్ ముద్రతో పంపాల్సిన కాగితంలో నాయిన ఇంటిపేరు ఒక అక్షరం తప్పు పడింది. మళ్లీ చేయించి పంపేసరికి రెండు నెలలు పోయాయి. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు అన్ని కాగితాల్లో పేర్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి. నేను చూసుకోలేదు.

శిక్షణకు హైదరాబాద్‌లో ఒక రైఫిల్ క్లబ్‌కు పోయాను. అక్కడ ఎక్కువమంది పిల్లలు. షూటర్ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చినప్పటి నుంచి అమ్మాయిలు బాగా వస్తున్నారట. వాళ్లు వాడేవి ఎయిర్ పిస్తోళ్లు, పాయింట్ 22లు. పద్నాలుగేళ్ల పాప ఒకతి గంటసేపు ఒకే నిలువున నిలబడి కాలుస్తుంటే, నేను పది నిమిషాలకే భుజం పట్టేసి కూర్చున్నాను. మాకు నేర్పిన మాజీ సైనికుడు మొదటి రోజు తూటా కూడా చూపలేదు. ఖాళీ పిస్తోలు చేతికిచ్చి, "నిండి ఉందా?" అని అడిగాడు. "లేదు సార్" అన్నాను. "చూసి చెప్పారా?" అన్నాడు. చూడలేదు. ఆ రోజంతా అదే పని: మ్యాగజైన్ తీయడం, స్లైడ్ లాగడం, కంటితో చూడడం, వేలు పెట్టి చూడడం. పెళ్లిళ్లలో గాలిలోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని ఆయుధ చట్టం 2019 సవరణలో వచ్చిందని కూడా చెప్పాడు. మా చుట్టాల్లో ఒకరిద్దరు గుర్తొచ్చారు.

వైద్యుడి దగ్గర పని అరగంటలో అయిపోయింది. చూపు, బీపీ, నిద్ర, తాగుడు. చివర్లో "ఇంట్లో ఎవరైనా మానసికంగా బాగా కుంగిపోయిన సందర్భాలున్నాయా?" అని అడిగాడు. లేవన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే.

ఇక ఆ 44 దగ్గరికి వస్తాను. బీరువా అంతా గాలించాను. మిల్లు ఆఫీసు సొరుగులు, కారు డ్యాష్‌బోర్డు, నాయిన పాత సఫారీ జేబులు, అన్నీ. మూడో రోజు రాత్రి నాకు విసుగొచ్చి, "నువ్వెక్కడన్న కాల్చినవా, చెప్పు నాయినా, రాసిస్తే సరిపోతది" అని గట్టిగానే అరిచాను. ఆయన మాట్లాడలేదు. అమ్మ వంటింట్లోకి కాకుండా లోపలి అర్రలోకి పోయింది. ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. వచ్చి ఒక చిన్న గుడ్డ మూట నా ముందు పెట్టింది. పాత జాకెట్ ముక్క, కలరా ఉండల వాసన. విప్పితే ఆరు తూటాలు. ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుం పట్టింది.

"మిల్లు మీద బ్యాంకు నోటీసు వచ్చిన ఏడు తీసిన" అంది. "మీ నాయిన రాత్రుళ్లు పండకపోయేది. బీరువ కాడికి పోయి నిలబడేది. నువ్వు పట్నంల సదువుకుంటున్నవ్. ఎవలకు జెప్పుకోవాలె?"

అది 2013. నేను హాస్టల్లో ఉన్నాను. ఫోన్ చేసినప్పుడల్లా "మంచిగున్నం" అనేవాళ్లు.

నాయిన టీవీ గొంతు తగ్గించాడు. "నాకు ఎరికే" అన్నాడు. "మ్యాగజైన్ ఖాళీగుంటే చేతికి తెల్వదా? అడిగితే మళ్ల ఏడుస్తవని అడగలే."

అమ్మకు తెలియని సంగతి ఒకటి ఉంది. మిగిలిన 44 తూటాల డబ్బా అదే బీరువాలో పై అరలో, చెక్కుబుక్కుల వెనక ఉంది. నాయిన కావాలంటే అందులోంచి ఆరు తీసి ఎక్కించుకోవచ్చు. ఎక్కించుకోలేదు. పదకొండేళ్లు ఖాళీ పిస్తోలే నడుముకు కట్టుకుని వడ్ల సీజన్లన్నీ తిరిగాడు. ఆ మాట అమ్మ ముందు నేను అనలేదు. ఆయనా అనలేదు.

విచారణ రోజు 50కి 50 లెక్క కుదిరింది. సీఐ గారు కాగితాలన్నీ చూసి, మర్యాదగానే అడిగారు: "ఇప్పుడు పేమెంట్లన్నీ ఆన్‌లైన్లోనే కదా, మీకు ఇది ఎందుకండీ?" నెల క్రితమైతే గడగడ చెప్పేవాణ్ని. ఆ రోజు మాట తడబడింది. "మిల్లు, గోదాము రక్షణకు సార్" అన్నాను. ఫారంలోనూ అదే ఉంది. ఆయన రాసుకున్నారు. రెండు నెలలకు లైసెన్సు వచ్చింది, ఐదేళ్లకు.

దాంతో మొదటిసారి కాల్చింది ఆ క్లబ్బులోనే, అనుమతి తీసుకుని. శిక్షకుడు చిలుం పట్టిన ఆరింటినీ చూడగానే పక్కన పెట్టించాడు. వాటిని కాల్చొద్దు, దుకాణంలో జమ చేసి లైసెన్సులో రాయించుకోమన్నాడు. 2011 డబ్బాలోంచి పది తీసుకున్నాను. అడుగున కె.ఎఫ్. ముద్ర, అంటే పుణె దగ్గరి ఖడ్కీ కార్ఖానా సరుకు. నాలుగోది టక్కుమని ఊరుకుంది. పేలని తూటా ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది. అందుకని గొట్టం గురి వైపే ఉంచి, వేలు పక్కకు తీసి, ఆయన "చాలు" అనేదాకా అర నిమిషం అలాగే నిలబడ్డాను. ఆ అర నిమిషమంత పొడుగు టైమ్ నేను ఎక్కడా చూడలేదు. మిగతా తొమ్మిదీ పేలాయి. టెక్సాస్‌లో తిన్న తోపు ముందు ఇది చిటికె వేసినట్టే ఉంది. గురి మాత్రం మెరుగు, ఆరు తగిలాయి. పేలనిదాన్ని కూడా ఆ ఆరింటితో కలిపి దుకాణంలో జమ చేసి రాయించుకున్నాను.

మిర్యాలగూడ చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. పిస్తోలు లాకర్లో పెట్టి, తూటాల డబ్బా వేరే అరలో పెట్టి తాళం వేశాను. నాయిన వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. కాసేపు ఏదో అడగబోయి ఆగాడు.

"సప్పుడు ఎట్లుంటదిరా దానిది?"

20 ఏళ్లు దగ్గరుంచుకున్న మనిషి. చెప్పడానికి పోలిక ఏదీ దొరకలేదు. చివరికి అరచేతులు రెండూ గట్టిగా చరిచి చూపించాను. "గంతేనా" అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ అడిగింది, "ఎన్ని మిగిలినయిరా?"

"ముప్పై నాలుగమ్మా."